ముగ్గురాయి గని దగ్గరే మొదలుపెట్టు: మేనకోడలికి ఉత్తరం

చి. శైలజకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన విదేశీ స్కాలర్‌షిప్పుల పట్టిక మొత్తం చదివాను. దేశం, డబ్బు, చివరి తేదీ, ఐఈఎల్‌టీఎస్‌లో ఎంత రావాలి, అన్నీ వరుసగా పెట్టావు. శ్రద్ధగా చేశావమ్మా. కానీ అందులో ముఖ్యమైన గడి ఒకటి లేదు. ఏ రాయి గురించి ఏం తేల్చుకుందామని వెళ్తున్నావో ఎక్కడా రాయలేదు. జియాలజీలో సీటు ఇచ్చేవాళ్లయినా, డబ్బు ఇచ్చేవాళ్లయినా ముందు చూసేది అదే. 'నాకు చిన్నప్పటి నుంచి భూమి అంటే ఇష్టం' అని మొదలయ్యే దరఖాస్తులు వాళ్ల దగ్గర కుప్పలు కుప్పలుగా ఉంటాయి. వాటిలో ఒకటి నీదైతే ఎన్ని మార్కులున్నా లాభం లేదు.

నీకు ఆ ప్రశ్న ఎక్కడో వెతుక్కోవాల్సిన పని లేదు. మీ నాన్న రోజూ డ్యూటీకి వెళ్లే మంగంపేట గని ప్రపంచంలోని అతి పెద్ద బెరైటీస్ (బేరియం సల్ఫేటు ఖనిజం) నిక్షేపాల్లో ఒకటి. మన ఊళ్లో ముగ్గురాయి అంటాం గానీ, చమురు బావులు తవ్వే ప్రతి దేశానికీ అది కావాలి. సాంద్రత దాదాపు 4.5, అంటే మామూలు క్వార్ట్జ్ కంటే ఒకటిన్నర రెట్లకు పైనే బరువు. దాన్ని పొడి చేసి, బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే బురద ద్రవంలో (డ్రిల్లింగ్ మడ్) కలిపితే, లోపలి నుంచి తన్నుకొచ్చే గ్యాసును, నూనెను ఆ బరువు అణచి పట్టుకుంటుంది. ఇంతవరకు నీకు తెలుసు. మరి అంత బెరైటీస్ ఒకే చోటికి ఎలా వచ్చింది? నూరు కోట్ల ఏళ్లకు పైబడిన ఆ పుల్లంపేట షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన రాయి) పొరల మధ్య అగ్నిపర్వతపు బూడిదతో కలిసి పడిందా, సముద్రం అడుగున పగుళ్లలోంచి వచ్చిన వేడినీళ్లు తెచ్చి పోశాయా అన్నదాని మీద పరిశోధకుల్లో వాదన ఉంది.

ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు మీ నాన్నతో చెప్పి, గని మేనేజరు దగ్గర అనుమతి తీసుకుని, రెండు పొరల నుంచీ ముక్కలు తెచ్చుకో. కింది పొర ఇసుకలా సన్నటి రేణువులతో ఉంటుంది. పై పొరలో గుండ్రటి గింజలు కనిపిస్తాయి. ఒక గింజను పగలగొట్టి పది రెట్ల లెన్సు కింద పెట్టి, లోపల స్ఫటికాలు ఏ దిక్కుకు పెరిగాయో చూడు. పలచటి యాసిడ్ చుక్క వెయ్యి. బెరైటీస్ పొంగదు. ఎక్కడైనా బుసబుసమని పొంగితే అక్కడ కార్బొనేట్ (సున్నపురాయి లాంటిది) ఉన్నట్టు, అది ఎక్కడెక్కడ ఉందో నోట్ చేసుకో. ముక్క తీసేముందే దాని మీద మార్కరుతో పైవైపు ఏదో బాణం గుర్తు పెట్టడం మర్చిపోకు. ఏ వైపు పైనో తెలియని రాయితో పొరల కథ చెప్పలేం. నోట్‌బుక్‌లో తేదీ, జీపీఎస్ రీడింగు, పొర వాలు, చేత్తో గీసిన బొమ్మ ఉండాలి. ఫోన్లో ఫోటో తీశాంలే అని బొమ్మ మానెయ్యొద్దు. గీస్తున్నప్పుడే కళ్లు చూడనివి చూస్తాయి.

అక్కడి నుంచి విదేశానికి దారి దానంతటదే కనిపిస్తుంది. ఆ సల్ఫేటు సముద్రపు నీటి నుంచి వచ్చిందా లేదా అని తేల్చడానికి గంధకం ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) నిష్పత్తి ఒక మంచి ఆధారం. అది కొలిచే ల్యాబులు మన దేశంలో కొద్ది చోట్లే ఉన్నాయి. 'నా ప్రశ్న ఇది, నేను ఇంతవరకు చేశాను, ఇక్కడ ఆగిపోయాను, మీ ల్యాబులో ఇది చేయొచ్చు' అని చెప్పగలిగితే నువ్వెందుకు వెళ్తున్నావో ఎవరికీ వివరించక్కర్లేదు.

జర్మనీలో నేను చదివిన ఫ్రైబర్గ్ సంగతి చెబుతాను. అక్కడ 1168లో వెండి దొరికింది, దాని చుట్టూ ఊరు పెరిగింది, 1765లో మైనింగ్ అకాడమీ పెట్టారు. 1886లో అక్కడి ప్రొఫెసర్ క్లెమెన్స్ వింక్లర్ పక్క గనిలో దొరికిన ఒక ఖనిజాన్ని విశ్లేషిస్తుంటే లెక్క ఎంతకీ నూటికి నూరు రాలేదు. ఏదో మిగిలిపోతోంది. వదలకుండా పట్టుకుంటే అది జెర్మేనియం అనే కొత్త మూలకమని తేలింది. పక్క గని రాయిని అంత పట్టుదలగా చూసే అలవాటు ఆ ఊరిది. మంగంపేట దానికేమీ తీసిపోదు. దాన్ని అలా చూసేవాళ్లు మన పిల్లల్లోంచి రావాలని నా ఆశ.

ఇక ప్రొఫెసర్లకు ఉత్తరం. 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలుపెట్టి వాళ్ల విశ్వవిద్యాలయాన్ని నాలుగు వాక్యాలు పొగిడి, చివర సీవీ తగిలించి ఒకేసారి యాభై మందికి పంపుతారు మనవాళ్లు. అది తెరవకుండానే పోతుంది. ఒక్కొక్కరికీ విడిగా రాయి. ఆయన ఈమధ్య రాసిన పేపరు ఒకటి నిజంగా చదివి రాయి. ఇంగ్లీషు నీదే, విషయం మాత్రం ఇలా ఉండనీ: 'నేను తిరుపతిలో ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నాను. మంగంపేట బెరైటీస్ పై పొర నుంచి తెచ్చిన నమూనాలను పలచగా అరగదీయించి, ఆ థిన్ సెక్షన్లను మైక్రోస్కోపు కింద చూశాను. గింజల మధ్యలో నాకు కనిపించింది ఇది. మీ పేపరులో మీరు వాడిన పద్ధతి ఈ రాళ్లకు పనికొస్తుందా? వచ్చే ఏడాది విద్యార్థులను తీసుకుంటున్నారా?' అంతే. ఆరేడు వాక్యాలు దాటకూడదు. రెండు వారాలు చూసి జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చెయ్యి, తర్వాత వదిలెయ్యి. మౌనాన్ని మనసుకు తీసుకోవద్దు, వాళ్లకు ఫీల్డ్ సీజన్లుంటాయి, డబ్బుల్లేని సంవత్సరాలుంటాయి.

నీ చేతిలో ఇంకా ఏడాది ఉంది కాబట్టి ఈ చలికాలంలోనే సైన్స్ అకాడమీల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టు. వేసవిలో రెండు నెలలు మంచి ల్యాబులో పనిచేయిస్తారు. అది రాకపోతే హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ)లో డిసర్టేషన్ చేసే వీలుందేమో మీ మాస్టారి చేత అడిగించు. జీఎస్‌ఐ (భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ) వాళ్ల భూకోశ్ పోర్టల్‌లో మ్యాపులు ఉచితం, సెంటినెల్, ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలూ ఉచితమే, మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ కూడా అంతే. వాటితో గని చుట్టుపక్కల మ్యాపు ఒకటి నీ చేత్తో తయారు చెయ్యి. పైథాన్ ప్రోగ్రామింగ్ కొద్దిగానైనా రావాలి. జియాలజిస్టుకు ఇప్పుడది సుత్తితో సమానం.

డబ్బు సంగతికొద్దాం, మీ అమ్మకు టెన్షన్ అంతా దాని గురించే కదా. అమెరికాలో సొంత డబ్బుతో ఎమ్మెస్ వద్దే వద్దు. కానీ అక్కడ జియాలజీ పీహెచ్‌డీలో చేరితే సాధారణంగా ఫీజు మాఫీ చేసి, టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌గా నెలనెలా డబ్బిస్తారు. గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరి మొదట్లో ఉంటాయి, అంటే ప్రొఫెసర్లకు రాయడం ఆగస్టు, సెప్టెంబరులోనే. చాలా విభాగాలు జీఆర్‌ఈ పరీక్ష అడగడం మానేశాయి, కాబట్టి ప్రతి విభాగం పేజీ చూసుకున్నాకే దానికి డబ్బు పెట్టు. యూరప్‌లో యూరోపియన్ యూనియన్ డబ్బిచ్చే ఎరాస్మస్ ముండుస్ మాస్టర్స్ నీకు బాగా సరిపోతుంది. ఎంపికైతే ఫీజు లేదు, నెలకు 1,400 యూరోలు, రెండు మూడు దేశాల్లో చదువు. ఖనిజ వనరుల మీద ఎమరాల్డ్ అనే కోర్సు ఉంది, అందులో మా ఫ్రైబర్గ్ కూడా భాగస్వామి. జపాన్ ప్రభుత్వపు మెక్స్ట్ స్కాలర్‌షిప్‌కు రాయబార కార్యాలయం ద్వారా వేసవిలో దరఖాస్తు. విమాన టికెట్టుతో సహా వాళ్లే పెట్టుకుంటారు.

జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఫీజు లేదన్నది నిజమే, కానీ స్కాలర్‌షిప్ లేకుండా వెళ్లేవాళ్లు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు కొంత చొప్పునే తీసుకోగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. మన విద్యార్థులకు, మార్కుల పత్రాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా తప్పనిసరి. దానికి వారాలు పడుతుంది, ఆఖర్లో పరిగెత్తొద్దు. జర్మనీ స్కాలర్‌షిప్పుల సంస్థ డాడ్ (డీఏఏడీ) వాళ్ల ఈపీఓఎస్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల ఉద్యోగానుభవం కావాలి. నీ పట్టికలో దాన్ని ఈ ఏడాది వరుసలోంచి తీసెయ్యి.

హైదరాబాద్‌లో చదివే నీ ఖమ్మం ఫ్రెండ్‌కు కూడా ఒక మాట చెప్పు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి ఉన్నాయి, 20 లక్షల దాకా ఇస్తారు. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇంకా పెద్దది. ఇలాంటి వాటికి ఆదాయ, కుల ధ్రువపత్రాలు తాజాగా ఉండాలి. వాటి కోసం ఆఫీసు చుట్టూ తిరిగేటప్పటికే గడువు దాటిపోయిన పిల్లలను చూశాను.

కన్సల్టెన్సీల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. విశ్వవిద్యాలయాల నుంచి కమీషన్ వచ్చే చోటికే వాళ్లు పంపుతారు. మొత్తం ఫీజులో కాస్త తగ్గించి దాన్ని స్కాలర్‌షిప్ అంటారు. మిగతాది మీ నాన్న ఇంటి కాగితాలు తాకట్టు పెట్టి కట్టాలి. నిన్ను నిజంగా కావాలనుకునే ల్యాబు నీ దగ్గర డబ్బు అడగదు.

సిఫారసు లేఖలు ఎవరి దగ్గర తీసుకోవాలని అడిగావు. హోదా చూడొద్దు. నిన్ను ఫీల్డులో చూసిన మాస్టారు రాస్తే దానికి బలం. ఆయనకు పని ఎక్కువని నీ చేతే లేఖ రాయించి సంతకం పెడతానంటే, మర్యాదగా ఒక పేజీ ఇవ్వు. అందులో నువ్వు ఏ ట్రిప్పులో ఏం చేశావు, ఏ మ్యాపు గీశావు అన్నవి మాత్రమే ఉండాలి. లేఖ ఆయన మాటల్లోనే రావాలని అడుగు. నువ్వు రాసిన లేఖ, నువ్వు రాసిన ఎస్ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నావో చెప్పే వ్యాసం) ఒకే గొంతుతో ఉంటే చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

పాస్‌పోర్టు ఈ నెలలోనే పెట్టు. నీ పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, డిగ్రీ సర్టిఫికెట్లో పూర్తిగా ఉంది. ఈ తేడా మన పిల్లలకు ప్రతి దశలోనూ అడ్డం పడుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు ఎలా రాయించాలో ముందే తేల్చుకుని, ఆ తర్వాత ప్రతి దరఖాస్తులోనూ అక్షరం తేడా లేకుండా అదే రాయి. ఐఈఎల్‌టీఎస్ ఇప్పుడే రాయకు. స్కోరు రెండేళ్లే చెల్లుతుంది, వచ్చే వేసవి చాలు.

యూపీఎస్‌సీ జియోసైంటిస్ట్ పరీక్షకు చదవమని మీ నాన్న అంటున్నారట. చదువు. సిలబస్ అదే. స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలో అడిగేదీ ఆ బేసిక్సే. మొదటి ఏడాది ఎక్కడా రాకపోతే జీఎస్‌ఐలో చేరి రెండేళ్లు ఫీల్డు చేసి వెళ్లినా నష్టం లేదు.

మీ అమ్మకు నేను ఫోన్ చేస్తాను. ఆడపిల్ల ఒక్కతే అంత దూరం ఎలా అని ఆమె భయం. అక్కడ ఫీల్డుకు ఎవరినీ ఒంటరిగా పంపరనీ, ఆడపిల్లలు సగానికి సగం ఉండే బ్యాచులు నేనే చూశాననీ చెబుతాను. స్కాలర్‌షిప్ వచ్చినా మొదటి డబ్బు అందేసరికి వారాలు పడుతుంది, ఈలోపు గది అడ్వాన్సు, చలికోటు ఖర్చులుంటాయి. ఆ రెండు నెలల ఖర్చు నాది. దాని గురించి మీ ఇంట్లో చర్చ వద్దు.

సంక్రాంతికి కోడూరు వస్తున్నాను. ఈలోగా నీ ప్రశ్నను ఒక్క పేజీలో, తెలుగులోనైనా సరే, రాసి పంపు. నమూనాలు, నోట్‌బుక్ ఇంట్లో రెడీగా ఉంచు. థిన్ సెక్షన్లకు ఏవి పంపాలో కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య