బుజ్జికి, పెద్ద పెట్టె గురించి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

పక్షుల గుంపుల్లా కణాలు కలిసి కదలడాన్ని కంప్యూటర్లో చూపించే విచెక్ మోడల్ మీద నువ్వు ప్రాజెక్టు తీసుకున్నావని అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషమేసింది, వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. రాత్రి నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

1995లో విచెక్, ఆయన తోటివాళ్లు పెట్టిన నియమం ఒక్కటే. కణాలన్నీ ఒకే వేగంతో పోతాయి. ప్రతి కణం తన చుట్టుపక్కల వాటి సగటు దిశకు తిరుగుతుంది, అందులో కాస్త నాయిస్, అంటే ఎటుపడితే అటు తడబాటు, కలుస్తుంది. నాయకుడెవరూ ఉండరు. నాయిస్ తగ్గినా, సాంద్రత పెరిగినా గుంపంతా ఒకవైపు సాగుతుంది. కదలకుండా ఉన్నచోటే తిరిగే బాణాలైతే, బల్లపరుపు తలం మీద నాయిస్ ఉంటే అన్నీ ఒకే దిశ చూసే ఆ క్రమం దూరదూరాలకు నిలవదు. ఈ కదిలే కణాలకు పొరుగువాళ్లు మారుతుంటారు కాబట్టి నిలుస్తుందని అదే ఏడాది టోనర్, తూ అనే భౌతికశాస్త్రవేత్తలు లెక్కకట్టి చూపించారు.

కోడ్ నీకు నేను నేర్పక్కర్లేదు. కోణాల్ని మాత్రం నేరుగా సగటు చేయకు. 1 డిగ్రీకి, 359 డిగ్రీలకి సగటు 180 వస్తుంది! సైన్లు, కొసైన్లు విడివిడిగా కూడి దిశ తీసుకో.

ఇక నేను చేసిన తప్పు. అప్పట్లో మా కంప్యూటర్‌కి 400 కణాలే భారం. నాయిస్ పెంచుకుంటూ పోయి, క్రమం ఎంత మిగిలిందో గ్రాఫు గీస్తే గీత మెత్తగా దిగింది. క్రమం కొంచెంకొంచెంగా పోతుందని సెమినార్‌లో గట్టిగా చెప్పేశాను. వెనక వరుసలో ఒకబ్బాయి, "పెట్టె పెద్దదైతే మేడం?" అన్నాడు. పెట్టె అంటే కంప్యూటర్లో కణాలు తిరిగే చోటు. విసుక్కున్నాను. 2004లో గ్రెగ్వార్, షాతే పెద్ద పెట్టెల్లో చేసి చూపించారు: మార్పు ఒక్కసారిగా వస్తుంది. ఆ మార్పు వచ్చే నాయిస్ దగ్గర కణాలు చిక్కటి పట్టీలుగా చేరి, పలచటి గందరగోళంలో అలల్లా నడుస్తాయి. నా పెట్టెలో పట్టీ కట్టడానికి చోటే లేదు. ఆ అబ్బాయికి నువ్వే కరెక్టని చెప్పాలనుకున్నాను, అప్పటికే ఎక్కడున్నాడో తెలియలేదు. అది ఇప్పటికీ బాధే.

చలికాలం జొన్నచేలో గోరింకలు వాలితే తాతయ్య మంచె మీద నుంచి వడిసెల తిప్పేవాడు. చేలో నిలబడ్డ నాకు రెక్కల చప్పుడే. మంచె ఎక్కితేనే గుంపు మొత్తం మలుపు తిరగడం కనబడేది.

నీ గైడ్ ఎంత తొందరపెట్టినా ఒక్క సైజుతో ఆపకు. సాంద్రత మార్చకుండా పెట్టెను రెండింతలు, నాలుగింతలు చెయ్యి. గ్రాఫుతో సరిపెట్టుకోక బొమ్మ తీసి కళ్లారా చూడు. పెద్ద రన్లు రాత్రంతా నడుస్తాయి, వాటితో పాటు నువ్వు మేలుకోకు. వేళకి అన్నం తిని పడుకో. మొదటి పట్టీ కనబడగానే బొమ్మ నాకు పంపించు నాన్నా.

పెద్దమ్మ