ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్‌కి కంప్యూటర్‌తో మంచి సౌండ్ రాబట్టడం ఎలా?

కిట్ మార్చక్కర్లేదు. ప్యాడ్లు అవే ఉంచి, సౌండ్ మాత్రం కంప్యూటర్ నుంచి తీసుకుంటే చాలు. మాడ్యూల్ (ప్యాడ్లన్నీ కలిసే కంట్రోల్ పెట్టె) వెనకున్న యూఎస్‌బీ పోర్టుని కంప్యూటర్‌కి కలపండి. ఆ కేబుల్‌లో ఇక్కడ మనకు కావలసింది మిడి: ఏ ప్యాడ్‌ని ఎంత గట్టిగా (1 నుంచి 127 వరకు) కొట్టారన్న సమాచారం. అసలు సౌండ్ ఇచ్చేది సాఫ్ట్‌వేర్. ముందు ఉచితంగా దొరికే ఎంటీ పవర్ డ్రమ్ కిట్ 2తో మొదలుపెట్టండి. నచ్చితే అడిక్టివ్ డ్రమ్స్ 2, సుపీరియర్ డ్రమ్మర్ 3 లాంటివి కొనొచ్చు.

హెడ్‌ఫోన్స్ కంప్యూటర్‌కో ఆడియో ఇంటర్‌ఫేస్‌కో (కంప్యూటర్‌కి బయట తగిలించే సౌండ్ పరికరం) పెట్టాలి, మాడ్యూల్‌కి కాదు. చాలామంది తడబడేది ఇక్కడే.

కొట్టాక సౌండ్ ఆలస్యంగా వస్తోందా? విండోస్‌లో మామూలు డ్రైవర్ వదిలేసి ఏసియో డ్రైవర్ (ఆలస్యం తగ్గించే ఆడియో డ్రైవర్) ఎంచుకోండి. బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి సిద్ధం చేసుకునే సౌండ్ ముక్క) 128 శాంపిల్స్ పెడితే 44.1 కిలోహెర్ట్‌జ్ దగ్గర బఫర్ వల్ల ఆలస్యం 3 మిల్లీసెకన్ల లోపే. డ్రైవర్, హార్డ్‌వేర్ వల్ల ఇంకాస్త కలుస్తుంది. చిటపటలు వినిపిస్తే 256కి పెంచండి.

అసలు తలనొప్పి హైహ్యాట్. సాధారణ మిడి మ్యాప్‌లో (ఏ నంబరుకి ఏ డ్రమ్ పలకాలన్న పట్టికలో) కిక్ 36, స్నేర్ 38, మూసిన హైహ్యాట్ 42, తెరిచినది 46. కానీ రోలాండ్ మాడ్యూళ్లు హైహ్యాట్ అంచు మీద కొడితే 22, 26 పంపుతాయి. మ్యాప్ సరిపోకపోతే మధ్యలో కొట్టినప్పుడు పలికి, అంచు మీద మూగబోతుంది. సాఫ్ట్‌వేర్‌లో మీ మాడ్యూల్ పేరున్న ప్రీసెట్ ఉంటే అదే ఎంచుకోండి. పెడల్ ఎంత నొక్కారన్నది సాధారణంగా సీసీ 4 (మిడిలో ఒక కంట్రోల్ నంబరు) మీద వస్తుంది.

మెల్లగా వాయించినా స్నేర్ పేలుతోందంటే వెలాసిటీ కర్వ్ (దెబ్బ బలాన్ని 1 నుంచి 127 అంకెగా మార్చే తీరు) సరిచేయాలి. గట్టి దెబ్బకి మాత్రమే 127 తాకేలా ఉంచండి. ప్రతి దెబ్బా 127 అయితే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా మెషిన్‌గన్‌లాగే మోగుతుంది.