మా అమ్మాయి రాత్రంతా ‘ప్యాకేజీలు’ అంటోంది, మాన్పించాలా?

ప్రశ్న: మాది పలాస. జీడిపప్పు పరిశ్రమలో పనిచేస్తాను. మా అమ్మాయి విజయనగరంలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి డెబియన్ అని ఏదో వేసుకుంది. సెలవులకు ఇంటికొచ్చినా అర్ధరాత్రి దాకా ‘ప్యాకేజీలు’ అంటూ అదే పని. తోటి పిల్లలు హైదరాబాద్ వెళ్లి ఫుల్‌స్టాక్ కోర్సుల్లో చేరుతున్నారు. దీంతో ఉద్యోగం వస్తుందా?

జవాబు: మాన్పించకండి. డెబియన్ అంటే విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే వ్యవస్థ, లినక్స్ అనే కుటుంబంలోది. ఆ ‘ప్యాకేజీల’ పనేమిటో మీ పనితోనే చెబుతాను. తోటలో రాలిన జీడి పిక్కను ఎవరూ నేరుగా నోట్లో వేసుకోరు కదా. పెంకు, పొట్టు తీసి, గుండ్లూ బద్దలూ వేరుచేసి డబ్బాకెక్కిస్తేనే సరుకు. సాఫ్ట్‌వేరూ అంతే. రాసినవాళ్లు సోర్స్ కోడ్, అంటే తాము రాసిన మూలపాఠం ఇస్తారు. దాన్ని కంపైల్ చేసి, అంటే యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చి, అది నడవడానికి ఇంకేమేం కావాలో రాసిపెట్టి, అందరికీ అందేచోట ఉంచితే అది ప్యాకేజీ. దాన్ని తోడు ప్యాకేజీలతో సహా తెచ్చి కంప్యూటర్లో సర్దేది ప్యాకేజీ మేనేజర్. డెబియన్, ఉబుంటుల్లో దాని పేరు ఆప్ట్. లినక్స్ కుటుంబంలోనివే అయిన ఫెడోరా, రెడ్ హ్యాట్‌లలో డీఎన్‌ఎఫ్. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి.

ఇందులో ఎంత బాధ్యత ఉందో చూడండి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో, కంప్యూటర్లోకి దొంగచాటుగా చొరబడేందుకు ఎవరో పెట్టిన దొడ్డిదారి బయటపడింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వి పట్టుకున్నాడు. అప్పటికే అది ‘టెస్టింగ్’ అనే, ఇంకా పరీక్షలో ఉన్న డెబియన్ దాకా వచ్చేసింది. మామూలుగా అందరూ వాడే ‘స్టేబుల్’లోకి రాకముందే ఆపగలిగారు.

ఇక ఉద్యోగం. ‘ప్యాకేజీలు కట్టేవారు కావలెను’ అనే ప్రకటనలు తక్కువే, చాలామంది ఈ పని స్వచ్ఛందంగా చేస్తారు. కానీ లినక్స్ అడ్మిన్ (సర్వర్లు చూసుకోవడం), డెవాప్స్, బిల్డ్ అండ్ రిలీజ్ (సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసి విడుదల చేయడం), ఎంబెడెడ్ లినక్స్ (పరికరాల్లో ఇమిడే లినక్స్) ఉద్యోగాలన్నిటికీ పునాది ఇదే. రెడ్ హ్యాట్‌కు బెంగళూరు, పుణెలలో ఆఫీసులున్నాయి. ఉబుంటు తయారుచేసే కెనానికల్ ఇంటినుంచే పనిచేసేవాళ్లను తీసుకుంటుంది. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు మాత్రం డేటా స్ట్రక్చర్స్, ఆప్టిట్యూడ్ అడుగుతాయి కాబట్టి వాటికి రోజూ ఓ గంట కేటాయించమనండి.

ఈసారి ఇంటికొచ్చినప్పుడు ఏదైనా ఒక ప్యాకేజీ సోర్స్‌లో ‘డెబియన్’ అనే ఫోల్డర్ తెరిచి మీకు చూపించమనండి. ‘కంట్రోల్’ ఫైల్లో ‘డిపెండ్స్’ అని ఒక వరుస ఉంటుంది, తోడు ప్యాకేజీల చిట్టా అదే. ‘చేంజ్‌లాగ్’లో ప్రతి మార్పు కిందా చేసినవారి పేరు, తేదీ ఉంటాయి. ఆ చేంజ్‌లాగ్‌లలో ఎక్కడో ఒకచోట మీ అమ్మాయి పేరు పడాలి. ఏ సర్టిఫికెట్టూ దానికి సాటిరాదని నా గట్టి నమ్మకం. ఎందుకంటే ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఎక్కడినుంచైనా తెరిచి చూసుకోవచ్చు. డెబియన్ బగ్‌ల (తప్పుల) చిట్టాలో కొత్తవాళ్ల కోసం ‘న్యూకమర్’ గుర్తుతో కొన్ని విడిగా పెడతారు, అక్కడ మొదలుపెట్టమనండి. తెలుగు ఫాంట్ల ప్యాకేజీలూ ఉన్నాయి. పోతన, వేమన ఫాంట్లు అలాగే అందుతున్నాయి. తెలుగు చదివే మనిషికి వాటిలో తప్పు చప్పున కనిపిస్తుంది.

మనవైపు పిల్లలు ఆగిపోయేది కోడ్ దగ్గర కాదు, చేసిన సవరణను పంపే మెయిల్ దగ్గర. నా దగ్గరికి వచ్చే కుర్రాడొకడు ఇంగ్లీషు తప్పులుంటాయేమోనని తను చేసిన ప్యాచ్‌ను (సవరణను) మూడు వారాలు దాచుకున్నాడు. చివరికి నాలుగు వాక్యాల మెయిల్ రాసి పంపాడు. రెండు మార్పులు చెప్పి, చేశాక తీసుకున్నారు. ఇంగ్లీషు ఊసే ఎవరూ ఎత్తలేదు.

కోర్సుకు ఇప్పుడు డబ్బు కట్టకండి. పైథాన్, షెల్, గిట్ ఆమె సొంతంగా నేర్చుకోగలదు. చివరి సంవత్సరంలో వీలైతే రెడ్ హ్యాట్ వాళ్ల లినక్స్ సర్టిఫికెట్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ రాయించండి. అది మెషీన్ మీద పనిచేసి చూపించాల్సిన పరీక్ష. బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయేమో మాత్రం అడగండి, ఉంటే ముందు అవి. లేకపోతే కోర్సుకని దాచిన డబ్బులో కొంత తీసి ఆ లాప్‌టాప్‌కు ర్యామ్ పెంచించండి. పెద్ద ప్యాకేజీ కంపైల్ చేసేటప్పుడు అది బాగా నెమ్మదిస్తూ ఉంటుంది, ఆమె మీకు చెప్పి ఉండదు.