వెనక వాటా బాగుచేయించే ముందు

అల్లుడూ,

2027లో గోదావరి పుష్కరాలకి చుట్టాలందరినీ రాజమండ్రి రమ్మంటున్నావని, వాళ్లు దిగడానికి ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్న వెనక వాటా బాగుచేయిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నువ్వు పంపిన ఎస్టిమేటు కూడా చూశాను. సగం డబ్బు ఫాల్స్ సీలింగుకి, టైల్స్‌కి, పుట్టీకే పోతోంది, పైకప్పుకి ఒక్క రూపాయి రాయలేదు. అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది.

పాత ఇంట్లో ముందు నీళ్ల సంగతి తేల్చుకోవాలి. పైనుంచి కారేవి, కిందనుంచి గోడల్లోకి ఎక్కేవి, రెండూ. ఈ వానల్లో గట్టిగా కురిసిన రోజు టార్చిలైటు పట్టుకుని ఆ వాటాలో ఒక గంట నిలబడి చూడు. పగిలిన పెంకు కన్నా, రెండు వాలులు కలిసే మూలలో వేసిన రేకు తుప్పుపట్టి కారడమే ఎక్కువ. పెంకులు దింపినప్పుడు వాసాల్నీ దూలాల్నీ, ముఖ్యంగా గోడలో కూర్చున్న చివరల్ని, స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు. పైకి నున్నగా కనిపించే టేకు దూలం కూడా గోడలోకి దూరే ఆ జానెడు మేర చెమ్మకి నాని, చెదలు తిని పొడిపొడిగా రాలిపోతుంది. స్క్రూడ్రైవరు మెత్తగా దిగిందంటే ముందు వడ్రంగిని పిలు, పెయింటరు సంగతి తర్వాత. ఫాల్స్ సీలింగు మాత్రం వద్దే వద్దు. దానిపైన ఏం కారుతోందో, ఎలకలేం చేస్తున్నాయో నీకు కనపడదు, కనపడే సరికి కర్ర పోయి ఉంటుంది.

ఇక గోడలు. అవి గానుగ సున్నంతో కట్టినవి, కింద చెమ్మ ఆపే పొర ఏదీ ఉండదు. పైగా మీ వీధిలో రోడ్డు మీద రోడ్డు వేసి వేసి ఇల్లు పల్లంలో పడిపోయింది, వెనక సందులో మన్ను గది గచ్చు కన్నా ఎత్తుగా ఉంది. ఆ మన్ను తీయించి, గోడకి ఎడంగా నీళ్లు పోయేలా కాలువ పెట్టించు. మేస్త్రీ మూడడుగుల ఎత్తున సిమెంటు పూత పూసేద్దామంటాడు, ఒప్పుకోకు. సున్నం గోడ లోపలి తడిని బయటికి వదులుతూ ఆరుతుంది, సిమెంటు ఆ దారి మూసేస్తుంది, దాంతో తడి పైకెక్కి పూత పైనుంచి ఉప్పు పొంగి పెచ్చులూడుతుంది. నాణెంతో గోడ కొట్టుకుంటూ వెళ్లు, డొల్లగా మోగిన చోటల్లా పాత పూత రాలగొట్టించి మళ్లీ సున్నం, ఇసుకతోనే పూయించు. ఎండాకాలం దాకా ఆరనిచ్చి వెల్ల వేయించు, పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు జోలికి పోవద్దు.

కింద ఉన్న ఎర్ర గచ్చు పగలగొట్టి టైల్స్ వేస్తానన్నావట, నాకైతే ప్రాణం ఉసూరుమంది. దాన్ని కడిగించి, పగుళ్లు పూడ్పించి, మైనం పట్టించి చూడు. మే నెలలో మధ్యాహ్నం వేళ వచ్చినవాళ్లు దానిమీదే చాప పరుచుకుంటారు.

కరెంటులో పొదుపు చూడకు. ఆ చెక్క పట్టీల మీది పాత వైరింగు మొత్తం తీయించి, కొత్తగా ఎర్త్ గుంట తవ్వించు, కరెంటు లీకై షాకు కొట్టబోతే వెంటనే సప్లై ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి పెట్టించు. గీజరుకి, ఏసీకి వేరువేరుగా నాలుగు స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు లాగమను. మంచం పక్కన ఒక స్విచ్చి, ఫోన్ చార్జింగుకి ఒక ప్లగ్గు మర్చిపోవద్దు.

బాత్రూము సంగతి కాస్త నిదానంగా ఆలోచించు. పుష్కర స్నానానికి వచ్చేవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ ఉంటారు. జారని గరుకు టైల్స్, కమోడ్ పక్కన పట్టుకోవడానికి గట్టి కమ్మీ, తలుపు బయటికి తెరుచుకునేలా, ఎందుకంటే లోపల ఎవరైనా పడిపోతే లోపలికి తెరిచే తలుపుకి వాళ్లే అడ్డుపడతారు. టైల్స్ వేయకముందే వాటర్‌ప్రూఫింగ్ చేయించి, కన్నం మూసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టించి, బయటి గోడ తడుస్తుందేమో నువ్వే చెయ్యి పెట్టి చూడు. తలుపుకి నాలుగు కొక్కేలు కొట్టించు, తడిబట్టలతో వచ్చినవాళ్లకి అవి లేకపోతే ఎంత ఇబ్బందో! కిటికీలకి దోమల జాలీ సరేసరి.

పెంకు పని ఈ కార్తీకంలో మొదలుపెట్టు, వెల్ల వచ్చే వేసవిలో. డబ్బు చాలకపోతే ఒక్క గదీ, బాత్రూమే చేయించు, మిగతాది తాళం వేసి ఉంచినా ఎవరూ ఏమీ అనరు. సున్నం పని తెలిసిన మేస్త్రీ అక్కడ దొరక్కపోతే చెప్పు, నేను కనుక్కుంటాను. ఎస్టిమేటు మళ్లీ రాయించి వాట్సాప్‌లో పెట్టు, అది నేను చూసేదాకా అడ్వాన్సు ఇవ్వకు.

మీ మామయ్య