దానిమ్మ రసం తాగితే సీసం నుంచి మెదడుకు రక్షణ ఉంటుందా?

ప్రశ్న: నా వయసు 38. ఎనిమిదేళ్లుగా పాత బ్యాటరీలు విప్పి సీసం పలకలు వేరుచేసే పని చేస్తున్నాను. ఈమధ్య మతిమరుపు, చిరాకు ఎక్కువయ్యాయి. రక్తపరీక్షలో సీసం 22 (డెసిలీటరు రక్తంలో మైక్రోగ్రాములు) ఉందన్నారు. దానిమ్మ, నల్లద్రాక్షలోని యాంటీఆక్సిడెంట్లు మెదడును కాపాడతాయని చదివాను. రోజూ రసం తాగుతూ, మాత్రలు వేసుకుంటూ ఇదే పని కొనసాగించవచ్చా?

జవాబు: పండ్లు తినండి, మంచిదే. వాటిని నమ్ముకుని అదే దుమ్ములో పనిచేయటం మాత్రం వద్దు.

మీరు చదివింది అబద్ధమేమీ కాదు. కణాలకు రక్షణగా ఉండే గ్లూటాథయోన్‌లోని గంధకానికి సీసం అతుక్కుని, దాన్ని పనిచేయనివ్వదు. దాంతో ఫ్రీ రాడికల్స్ (కణాలను దెబ్బతీసే చురుకైన అణువులు) పెరిగి మెదడు కణాల పొరలు దెబ్బతింటాయి. పండ్లలో ఉండే ఆంథోసయనిన్లు, క్వెర్సెటిన్ వంటి యాంటీఆక్సిడెంట్లు (వీటినే పాలీఫినాల్స్ అంటారు) ఎలుకల్లో ఈ నష్టాన్ని తగ్గించాయి. అయితే అలాంటి ప్రయోగాల్లో ఎక్కువగా ఇచ్చేది గాఢమైన సారం. అదీ శరీర బరువును బట్టి, చాలాసార్లు సీసంతోపాటే. మనం తాగే రసంలోని పాలీఫినాల్స్‌లో పేగులనూ కాలేయాన్నీ దాటి మెదడుకు చేరేది బహు స్వల్పం. పైగా సీసం కాల్షియం స్థానంలో దూరి నాడీకణాల మధ్య సంకేతాలనూ చెడగొడుతుంది. ఫ్రీ రాడికల్స్‌ను అణచినంత మాత్రాన ఆ హాని ఆగదు. ఎముకల్లో చేరిన సీసం దశాబ్దాలపాటు ఉంటుంది, దాన్ని బయటికి లాగే పండు లేదు.

కాబట్టి ముందు ఒంట్లోకి చేరే దారి మూయాలి. చేతులు సబ్బుతో కడగకుండా ఏమీ తినొద్దు, పొగ తాగొద్దు. శానిటైజర్ సీసాన్ని తీసేయదు. పొడి చీపురుతో ఊడ్చొద్దు, తడిగుడ్డతో తుడవండి. మామూలు గుడ్డ మాస్కు చాలదు, సన్నని దుమ్మును కూడా ఆపే పీ100 ఫిల్టరున్న రెస్పిరేటర్ (ముఖానికి బిగుతుగా పట్టే మాస్కు) కావాలి. ఖాళీ కడుపున సీసం ఎక్కువగా ఒంటికి పడుతుంది, అందుకే తిన్నాకే పనిలోకి దిగండి. ఐరన్, కాల్షియం తక్కువగా ఉన్నా అంతే. పండ్ల అసలు ఉపయోగం నా దృష్టిలో ఇక్కడే: భోజనంతోపాటు జామ, నారింజ వంటివి తింటే వాటిలోని విటమిన్ సి వల్ల శాకాహారంలోని ఐరన్ బాగా ఒంటబడుతుంది. రసం కన్నా పండే మేలు. పుల్లటి రసాలను సీసం కలిసిన మెరుగు పూత ఉన్న పింగాణీ పాత్రల్లో నిల్వ చేస్తే, ఆ పులుపుకే సీసం కరిగి రసంలో కలుస్తుంది!

విటమిన్ సి మాత్రలు రోజుకు 2 గ్రాములు మించకూడదు, కిడ్నీలో రాళ్లు వచ్చే ప్రమాదముంది. మామూలుగా పెద్దవారికి 22 దగ్గర కీలేషన్ మందులు (సీసాన్ని పట్టుకుని బయటికి పంపేవి) అక్కర్లేదు. 'డీటాక్స్' సెలైన్ల జోలికి పోకండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలు చేయించుకోండి. మతిమరుపుకు థైరాయిడ్, బి12 లోపం కూడా కారణం కావచ్చు, అవీ చూడాలి. సీసం పరీక్ష నెల, రెండు నెలల్లో మళ్లీ చేయించండి. రక్తం నరం నుంచే తీయించుకోండి, వేలి కొన నుంచి తీస్తే చర్మంమీది సీసం కలిసి తప్పు ఫలితం రావచ్చు. తీవ్రమైన కడుపునొప్పి, మణికట్టు వాలిపోవటం, మూర్ఛ వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పని బట్టలు అక్కడే మార్చి, స్నానం చేసి ఇంటికి వెళ్లండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వారికీ ఈ పరీక్ష చేయించండి. పిల్లల్లో 3.5 లేదా అంతకు మించి ఉంటే చాలు, సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021 నుంచి చెబుతోంది.