తాగి బండి నడిపిన కేసును ఎన్నేళ్లు చెప్పుకోవాలి?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. నిరుడు డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో బైకుతో దొరికితే కోర్టులో జరిమానా కట్టాము. ఈ సంగతి ఉద్యోగ దరఖాస్తుల్లో రాయాలా? ఐదేళ్లు దాటితే అక్కర్లేదని లండన్‌లో ఉన్న మా బంధువు, అసలు రాయవద్దని వీసా కన్సల్టెన్సీ వారు చెబుతున్నారు. ఇక్కడి ఉద్యోగం, అమెరికాలో ఎంఎస్, ఈ రెండింటిలో ఏది మేలు? - ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ప్లేస్‌మెంట్ల కాలం వచ్చిందంటే ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. ఎన్నేళ్లు చెప్పాలని పైకి అడుగుతారు గానీ, పిల్లవాడి భవిష్యత్తు ఇక్కడితో ఆగిపోయిందా అన్నదే లోపలి భయం. ఆగిపోలేదు. ఎవరికీ గాయం కాకుండా జరిమానాతో ముగిసిన మొదటి కేసును ఉన్నదున్నట్టు చెప్పుకున్నవారు మంచి ఉద్యోగాల్లో స్థిరపడడం నేను చూశాను.

మీ బంధువు చెప్పిన ఐదేళ్లు ఆయన ఉన్న దేశపు లెక్క. బ్రిటన్‌లో 1974 నాటి చట్టం ప్రకారం పెద్దవారి డ్రైవింగ్ లైసెన్సుపై నమోదైన నేరం ఐదేళ్లకు కాలం చెల్లినట్టవుతుంది, ఆ తరువాత మామూలు ఉద్యోగాలకు దానిని చెప్పనక్కర్లేదు. మన దేశంలో పెద్దవారి నేరాలకు అలాంటి సాధారణ గడువు లేదు. ఇక్కడ ఫారంలోని ప్రశ్నే గడువు: ‘గత ఇన్నేళ్లలో’ అని అడిగితే అంతవరకే, ‘ఎప్పుడైనా’ అని అడిగితే ఇరవయ్యేళ్ల తరువాతైనా చెప్పవలసిందే. జరిమానాయే కదా అనుకోకండి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కేసు సిగ్నల్ దాటిన చలానాలా అక్కడికక్కడ తేలేది కాదు, మేజిస్ట్రేటు ముందుకు వెళ్లేది. నేరం ఒప్పుకుని జరిమానా కట్టడమంటే శిక్ష పొందడమే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు ఎంపికైనవారు తమ వివరాలు రాసి ఇచ్చే అటెస్టేషన్ ఫారం అరెస్టుతో పాటు జరిమానా గురించి కూడా విడిగా అడుగుతుంది. అయితే 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, దాచిన విషయం చిన్నపాటి నేరమైతే ఉద్యోగమిచ్చేవారు దానిని మన్నించవచ్చునని చెప్పింది. దాచినదానికే మన్నింపు ఉండవచ్చునన్నప్పుడు, అడగగానే చెప్పినవాడు అంతగా భయపడనక్కర్లేదు.

అమెరికా సంగతి వేరు. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో అరెస్టు, శిక్షల గురించిన ప్రశ్న ‘ఎప్పుడైనా’ అనే ఉంటుంది. గత ఐదేళ్లలో తాగి నడిపిన కేసు ఒక్కటున్నా, కాన్సులేట్ వారు తాము గుర్తించిన వైద్యుడి పరీక్షకు పంపుతారు, కాబట్టి ఆలస్యం తప్పదు. అదే విషయాన్ని దాచి దొరికితే ఆ దేశ ప్రవేశానికి శాశ్వత అనర్హత రావచ్చు. ‘లేదు’ అని రాయమన్న కన్సల్టెన్సీవారు ఫీజు తీసుకుని పక్కకు తప్పుకుంటారు, సంతకం మాత్రం మీ అబ్బాయిది. వీసా వచ్చిన తరువాత అక్కడ మళ్లీ తాగి నడిపి అరెస్టయితే, కోర్టు తీర్పు రాకముందే వీసాను రద్దు చేసే వీలుంది. కారు లేకుండా అడుగు కదపలేని ఊళ్లు అక్కడ అనేకం, వారాంతపు విందులూ తక్కువేమీ కాదు. అందరి పిల్లలూ వెళుతున్నారు గనుక ఇంటిమీద అప్పు తెచ్చి పంపే ఈ ఎంఎస్ మీద నాకు మొదటినుంచీ అంత నమ్మకం లేదు. తాగుడు అలవాటైందో, ఆ ఒక్క రాత్రి పొరపాటో తేలకముందే పంపడంపై అసలే లేదు.

ఒక మాట కటువుగా అంటున్నాను, మన్నించండి. మీ ఉత్తరంలో కేసు గురించి ఇన్ని వాక్యాలున్నాయి గానీ, వాడు ఎందుకు తాగాడో, ఇప్పుడు మానేశాడో లేదో ఒక్క వాక్యమూ లేదు. జరిమానా కట్టింది మీరు, ఉత్తరం రాసింది మీరు, రేపు ఫారం నింపేదీ మీరేనేమో! ఇంతకీ వాడికి ఎంఎస్ చదవాలని ఉందా?

ప్రస్తుతానికి క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగంలో చేరి ఒకటి రెండేళ్లు పనిచేయనివ్వండి. కోర్టు తీర్పు ప్రతిని, జరిమానా రసీదును అతనినే వెళ్లి తెచ్చుకోమనండి. ఫారంలో అడిగిన చోట తేదీ, సెక్షన్, జరిమానా మొత్తం ఆ ప్రతిలో ఉన్నట్టే అతని చేతితోనే రాయించండి.