ఇతివృత్తం అడిగితే కథ చెబుతున్నారా?

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. తరగతిలో “ఈ కథ ఇతివృత్తం ఏమిటి?”, అంటే ఇది దేని గురించి, ఏం చెబుతోంది అని అడిగితే పిల్లలు కథంతా మళ్లీ అప్పజెబుతున్నారని, లేదా “పెద్దల మాట వినాలి” అని తేల్చేస్తున్నారని రాశావు. నా పిల్లలూ అంతే. కొంత తప్పు నాది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇతివృత్తం నేనే నల్లబల్ల మీద రాసి ఎక్కించుకోమనేవాణ్ణి. పరీక్షలో నలభై కాగితాల్లోనూ ఒకే వాక్యం, ఒకే అక్షరదోషంతో సహా. ఆ దోషం కూడా నాదే.

పాఠ్యపుస్తకంలో పాఠం పేరు పక్కన “ఇతివృత్తం: స్త్రీ విద్య” అని ఉంటుంది. అది ఊరి పేరు లాంటిది. ఆ ఊళ్లో రచయిత ఏం చూశాడో పిల్లలు చెప్పాలి. “స్త్రీ విద్య గురించి ఏమంటున్నాడు?” అని, జవాబు క్రియతో ముగిసే వాక్యం అయ్యేదాకా వదలకు. “ఈ కథ ద్వారా మనకు తెలిసేదేమిటంటే” అన్న ఎత్తుగడను మాత్రం తరగతిలో నిషేధించు. దాని వెనకాల నీతివాక్యం తప్ప ఇంకేమీ రాదు.

1910లో అచ్చయిన గురజాడ ‘దిద్దుబాటు’తో మొదలుపెట్టు. చిన్న కథ, ఒక్క పీరియడులో చదివేయవచ్చు. అర్ధరాత్రి దాటాక గోపాలరావు సాని పాట విని ఇల్లు చేరతాడు. భార్య కనిపించదు, వెళ్లిపోతున్నానని ఆమె రాసిన ఉత్తరం కనిపిస్తుంది. ‘ప్రియా’ పోయి ‘అయ్యా’ వచ్చిందేమని అతను ఉలిక్కిపడతాడు. అక్కడ పుస్తకం మూయించు. ఆ ఒక్క పిలుపు ఎందుకు మారిందో అడుగు. నేను అడిగినప్పుడు, ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచి, “మా అమ్మకు బాగా కోపం వస్తే నన్ను ‘మీరు’ అంటుంది మాస్టారూ” అంది. ఆ రోజు పాఠం నేను చెప్పలేదు, ఆ పిల్లే చెప్పింది.

అక్కణ్ణించి దారి సులువు. చదువుకున్న స్త్రీని ఆకాశానికెత్తేది ఎవరు? గోపాలరావే. ఆ చదువుతో భార్య ఏం చేసింది? గంటసేపు కొట్టుకున్నాక బల్ల మీద ఒక వాక్యం తేలింది: “భర్త పొగిడిన చదువే భార్య చేతికొచ్చి ఆయన్ని దిద్దింది.” చివరి బెంచీ కుర్రాడు ఒప్పుకోలేదు. “ఆవిడ నిజంగా వెళ్లిపోలేదు కదా, మంచం కిందే ఉంది. అంటే వెళ్లే దారి లేదన్నమాట” అన్నాడు. కథలోంచి ఆధారం చూపించాడు కాబట్టి అతనికీ పూర్తి మార్కులు వేశాను. నీ జవాబుతో కలవలేదని ఎవరికీ మార్కులు కోయకు.

ఇక రాయడం. మన సరిహద్దు పిల్లలకు వీధిలో ఒడియా, ఇంట్లో ఒక తెలుగు, పుస్తకంలో ఇంకో తెలుగు. కొండ ఊళ్ల నుంచి వచ్చే గిరిజన పిల్లలకు ఇంట్లో సవర భాష. వాళ్లు మౌనంగా ఉంటే ఆలోచన లేదనుకోకు, మాట దొరకలేదంతే. మొదటిరోజు ఏ భాషలో వస్తే ఆ భాషలో చెప్పనీ. రాత రెండోరోజు సంగతి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే. సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని ఆయన ఆ భాష నేర్చుకున్నారు. పుస్తకాల్లో వాడుక తెలుగు ఉండాలని పోరాడారు. 1936లో రాష్ట్రం గీత మారి ఊరు ఒడిశాలోకి వెళ్లిందే గాని, ఆయన చెప్పిన మాట మారలేదు. అలాంటి ఊళ్లో ఉండి, ఇంటి మాటలో జవాబు చెప్పిన పిల్లవాణ్ణి “సరిగ్గా మాట్లాడు” అని కూర్చోబెట్టిన రోజులు నాకూ ఉన్నాయి. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు పిల్లల కాగితాలు నాలుగు పట్టుకురా. బాగా రాసినవి వద్దు. ఎక్కడ ఆగిపోయారో తెలిసేవి తీసుకురా. అత్తయ్య నీకోసం అరిసెలు చేస్తానంటోంది.

మావయ్య